కింద సంతకం

"స్విచ్ గది తాళం ఇవ్వండి సార్! లిఫ్టు ఆపెయ్యాలి."

మెకానిక్ చేతిలోని కాగితాన్ని మేనేజరు తాపీగా తీసుకుని చదివాడు. 'నేను సంతకం పెట్టిన ఏ కాగితమూ నిజం కాదు. ఒక్కసారీ చూడకుండానే అన్నీ బాగున్నాయని రాశాను.'

"మరి ఇవాళెందుకు చూశావ్?"

"మొన్ననే మా చెల్లెలు మీ ఆఫీసులో చేరింది కదండీ. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగుతోంది. భయమేసి పొద్దున చూశాను. ఇనుపతాడు పోగులు తెగిపోతున్నాయి సార్."

మెకానిక్ సిగ్గుతో తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ ఎక్కినవాళ్లూ ఎవరో ఒకరికి అయినవాళ్లేనని ఇప్పుడు తట్టింది మరి!

పది నిమిషాల్లో యజమాని వస్తాడు. ఆయన గది ఐదో అంతస్తులో. లిఫ్టు ఆగితే మేనేజరు కొంప మునుగుతుంది. పైగా ఈయన తిమ్మిని బమ్మిని చేసే రకం.

"దీని కింద సంతకం ఎవరిదయ్యా?"

"నాదే సార్."

"నీ సంతకమున్న ఏ కాగితమూ నిజం కాదన్నావుగా. అంటే ఇదీ అబద్ధమే. ఇది అబద్ధమైతే, లిఫ్టులో అంటించిన నీ తనిఖీ కాగితం నిజమే!"

ఎక్కడో మెలిక ఉంది. అదెక్కడో మెకానిక్‌కి అంతుబట్టడం లేదు.

"పోనీ, సంతకం లేకుండా రాసిస్తాను సార్."

"సంతకం లేనిది చిత్తు కాగితం. ఇదిగో, నేనే ఎక్కుతున్నా, చూడు!"

మేనేజరు లిఫ్టులోకి నడిచాడు. తలుపులు మూసుకుంటుంటే, ఫైళ్లు పట్టుకుని పరుగున వచ్చిన చెల్లెలు ఆ సందులోంచి లోపలికి దూరింది.

"వద్దమ్మా!"

తలుపులు మూసుకున్నాయి. అతను మెట్ల మీదుగా పరుగెత్తాడు. మూడో అంతస్తు చేరేసరికి పైన ఫెళ్లుమంది. లిఫ్టు ఒక్క కుదుపుతో మధ్యలో ఆగిపోయింది. అతను లిఫ్టు తలుపు సందుకి చెవి ఆనించాడు.

"తాడు తెగింది! బ్రేకు నిలబడుతుందా? అసలు దాన్ని ఎవడైనా చూశాడా?" మేనేజరు గొంతు వణుకుతోంది.

చెల్లెలి గొంతు మాత్రం ధీమాగా వినిపించింది.

"భయపడకండి సార్. బ్రేకులు బాగున్నాయని ఇదిగో, మా అన్నయ్య సంతకం ఉంది."