వెనక్కొచ్చిన కళ్ళజోడు

"నాకీ కళ్ళజోడు వద్దు బాబూ, నువ్వే ఉంచుకో" అంటూ పెద్దాయన వణుకుతున్న చేత్తో కళ్ళజోడు పెట్టెను బల్ల మీద ముందుకు నెట్టాడు.

షాపతనికి తల కొట్టేసినట్టయింది. ఒకటికి రెండుసార్లు కొలతలు తీసి, ప్రత్యేకంగా చేయించిన ప్రిజం అద్దాలవి. పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక పెద్దాయన కళ్ళు రెండూ కలిసి ఒకచోట కుదరడం మానేశాయి. దగ్గరున్న ప్రతిదీ పక్కపక్కనే రెండుగా కనిపిస్తుంది. ఆ రెండింటినీ ఒకటి చేయడానికే ఈ జోడు.

"వద్దంటే ఎలాగండీ?" పక్కనే కూర్చున్న భార్య గయ్యిమంది. "చూడు బాబూ, మొన్నటికి మొన్న ఈయన వేడి వేడి టీ కప్పులో పొయ్యకుండా, లేని కప్పులో పోశారు. అది కాస్తా నా కాళ్ళ మీద పడింది. ఈయన మెట్లు దిగుతుంటే నా ప్రాణాలు నేను గుప్పిట్లో పెట్టుకునేదాన్ని. ఈ జోడొచ్చాకే కాస్త కంటినిండా నిద్రపోతున్నా."

"అద్దాలు సరిగ్గా కుదరలేదేమో, ఓసారి చూద్దాం" అని షాపతను పెన్సిలు తీసి పెద్దాయన ముందు నిలబెట్టాడు. "దీన్ని పట్టుకోండి సార్."

పెద్దాయన చెయ్యి చాచి పెన్సిలు పక్కనున్న గాలిని పట్టుకున్నాడు. కళ్ళజోడు పెట్టాక మళ్ళీ పట్టుకోమంటే, చెయ్యి వణికితే వణికింది కానీ, పెన్సిలు మాత్రం ఠక్కున దొరికింది.

"చూశారా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది!"

"పనిచెయ్యడం లేదని నేనన్నానా? పనిచేస్తోంది కాబట్టే వద్దంటున్నా."

భార్య నుదురు కొట్టుకుంది. "విన్నావా బాబూ? ఇంట్లోనూ ఇదే వరస. ఇద్దరు పెళ్ళాలు కనిపిస్తుంటే సరదాగా ఉన్నట్టుంది మహానుభావుడికి!"

"ఒక్కదానికే జవాబు చెప్పలేక చస్తున్నా. రెండోది కూడా నోరు విప్పుతుంటే గుండె దడ నాకు" అన్నాడు పెద్దాయన. షాపతను పగలబడి నవ్వాడు. ఆవిడ కోపం నటిద్దామనుకుంది కానీ నవ్వు ఆగలేదు.

బేరానికి వచ్చిన ప్రతివారికీ చేసినట్టే, షాపతను చేతి అద్దం తీసి పెద్దాయన ముందు పెట్టాడు. పెద్దాయన అందులోకి చూశాడు. అంతదాకా నవ్వుతున్న మొహం చిన్నబోయింది. మెల్లగా కళ్ళజోడు తీసేసి మళ్ళీ చూశాడు. మొహం విచ్చుకుంది.

ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు షాపతను. ఈ వయసులో సోకేమిటని మనసులో ముచ్చటపడుతూ, "ఫ్రేము నచ్చలేదని ముందే చెప్పొచ్చుగా సార్! సన్నటిది ఇస్తాను, అసలు పెట్టుకున్నట్టే ఉండదు" అని నాలుగు ఫ్రేములు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఫ్రేముకేం, నిక్షేపంలా ఉంది."

"మరి దేనికండీ ఈ పంతం?" ఈసారి భార్య గొంతులో వేళాకోళం లేదు. "మీరు పడి ఏ కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే నేనేమైపోవాలి?"

పెద్దాయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయని, ఇద్దరుగా కనిపించినా తెలుస్తూనే ఉంది. ఆయన మనసు కరిగిపోయింది.

"సరే, నీ మాటే కానీ. టీ తాగేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, వీధిలోకి వెళ్ళేటప్పుడు, అన్నిటికీ పెట్టుకుంటా. పొద్దున అద్దం ముందు నిలబడి గడ్డం చేసుకునేటప్పుడు మాత్రం నా జోలికి రాకు."

"బాగుంది, తెగేది అప్పుడేగా!"

"బ్లేడు లేని కరెంటు మెషిన్ వాడమనండమ్మా, ఏమీ కాదు" అని షాపతను సర్దిచెప్పాడు.

"వాడతా" అన్నాడు పెద్దాయన చటుక్కున.

ఆవిడ హమ్మయ్య అనుకుని, కళ్ళజోడు పైటచెంగుతో తుడిచి తనే ఆయన కళ్ళకు పెట్టింది. షాపతనికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక్క సందేహం మాత్రం మిగిలిపోయింది. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఏమనుకోకండి సార్, గడ్డం చేసుకునేటప్పుడు అద్దంలో ఇద్దరు కనిపిస్తుంటే చిరాగ్గా ఉండదూ?"

"చిరాకెందుకు బాబూ? మేం కవలలం. మా అన్నయ్య పోయాక మళ్ళీ మేమిద్దరం పక్కపక్కన నిలబడి గడ్డాలు చేసుకుంటున్నది ఇప్పుడేగా!"