శవం పాత్ర

“శవానికి మాటలుండవు, తెర మీద పేరూ పడదు. డబ్బు పెట్టే సబ్బు కంపెనీకి అనుమానమే రాదు. కానీ చూసేవాళ్ళెవరైనా నిన్ను గుర్తుపట్టి ఫోను చేశారో, ఇద్దరం వీధిన పడతాం. కదలకుండా పడుకోరా,” అన్నాడు దర్శకుడు నార్మన్.

“మూడేళ్ళుగా అదే పనిలో ఉన్నాలే,” అన్నాడు జూలియస్.

కమ్యూనిస్టు అన్న ముద్ర వేసి అందరూ వేషాలివ్వడం మానేయకముందు అతడు ఈ టెలివిజన్ నాటకాలలో కథానాయకుడు. న్యూయార్కులో అతని ముఖం ఎరుగని ఇల్లు ఉండేది కాదు.

నాటకం ప్రత్యక్షంగా ప్రసారమవుతోంది. నాయిక దుప్పటి తొలగించింది. కెమెరా జూలియస్ ముఖం మీదికి వచ్చి, చాలాసేపు అక్కడే నిలిచింది. అతడు ఊపిరి బిగబట్టాడు.

దీపాలు ఆరగానే నార్మన్ పరుగున వచ్చాడు. “గట్టెక్కాంరా! ఒక్క ఫోను కూడా రాలేదు. నిన్నెవరూ పోల్చుకోలేదు!”

జూలియస్ కళ్ళు తెరవలేదు.

“లేవరా బాబూ, అయిపోయింది.”

“ఒక్కరు కూడానా? తిట్టడానికైనా చెయ్యలేదా?”

నార్మన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. “వచ్చే వారం కథలోనూ ఒక శవం ఉంది,” అన్నాడు.

జూలియస్ చెయ్యి చాచి, దుప్పటిని తానే ముఖం మీదికి లాక్కున్నాడు.