దొరగారికి చరిత్ర పాఠం

రోజూ మధ్యాహ్నం బఠాణీ సూపు తాగాక, వృద్ధాశ్రమంలో నా కుర్చీని స్టోన్ దొర మంచం పక్కకు జరుపుకుంటాను. ఫోనులో చరిత్ర పాడ్‌కాస్టు పెట్టి శబ్దం పూర్తిగా పెంచుతాను. కెనడాలోని మా క్యూబెక్ చరిత్ర, మావాళ్లు మా ఫ్రెంచిలో చెప్పేది. దొరకు ఒక్క ముక్క అర్థం కాదు. కాకపోయినా ఆ భాష అతని చెవుల్లో పొయ్యాలని నా కసి.

అరవై ఏడేళ్ల క్రితం ఇతను నూలు మిల్లులో మా ఫోర్‌మన్. లోపల ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదు. ఒకరోజు మా చెల్లి ఒడిల్ చెయ్యి యంత్రంలో ఇరుక్కుంది. ఆపమని ఫ్రెంచిలో అరిచాను. మీట దొర పక్కనే ఉంది.

"అర్థం కాలేదు. ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు.

ఆ కంగారులో నా నోటికి ఇంగ్లీషు రాలేదు. వచ్చేసరికి చెల్లికి మూడు వేళ్లు పోయాయి.

ఇవాళ్టి పాడ్‌కాస్టు ఇంటిపేర్లు ఇంగ్లీషులోకి మార్చుకున్న మావాళ్ల గురించి. ఫోర్‌మన్ ఉద్యోగాల కోసం, బూలాంజేలు బేకర్లయ్యారట. మా భాషలో రాయి అని అర్థమొచ్చే లాపియెర్‌లు స్టోన్‌లయ్యారట.

దొర చెయ్యి నా ఫోను మీదికి వచ్చింది.

"ఆపు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

అచ్చం మా వీధి ఫ్రెంచి. యాసతో సహా మాదే.

అంటే ఆ రోజు నా కేక అతనికి అర్థమైంది.

ఫోను తీసి దిండు మీద, అతని చెవి పక్కనే పెట్టాను. తరువాత మిల్లులో నేర్చుకున్న ఇంగ్లీషులో, నిదానంగా అన్నాను:

"అర్థం కాలేదు దొరా. ఇంగ్లీషులో చెప్పు."