కొంగ చెప్పిన దూరం

అడవి నడుమ ఉన్న మడుగు ఎండిపోతోంది. కొండ అవతల నీళ్లున్న కొలను ఒకటి ఉందని కొంగ చూసొచ్చింది. ఆ సంగతి తాబేళ్లకు చెప్పే పని పక్షులన్నీ కలిసి దానికే అప్పగించాయి.

కొంగ రోజూ నీళ్లలో తన నీడ చూసుకుంటూ మాటలు వల్లె వేసింది. మెడ ఎప్పుడు వంచాలో, ఎక్కడ కాసేపు ఆగాలో కూడా సరిచూసుకుంది. సభ నాడు దాని గొంతు మడుగంతా మోగింది.

"భయపడకండి. కొత్త కొలను దగ్గరే. ఇలా రెక్క విప్పితే అలా చేరిపోతాం" అంది.

ఎంత బాగా చెప్పిందోనని తాబేళ్లు మురిసిపోయాయి. దగ్గరే కదా అని, మడుగు పూర్తిగా ఎండేదాకా ఆగి బయల్దేరాయి. సగానికి సగం ఎండకు తాళలేక కొండ మీదే రాలిపోయాయి.

మరుసటి వేసవికి ఆ కొలనూ అడుగంటింది. కొంగ ఇంకో చెరువు వెతికింది. ఈసారి నీళ్లలో నీడ చూసుకోలేదు. ఆ చెరువుదాకా నడిచి వెళ్లి, నడిచే తిరిగొచ్చింది. కాళ్లు పుండ్లు పడ్డాయి.

"మళ్లీ దగ్గరేనా, నాయనా?" అని అడిగింది, కొండ మీద పిల్లల్ని పోగొట్టుకున్న తాబేలవ్వ.

"కాదవ్వా, చాలా దూరం. దారిలో చెట్టు లేదు, చెమ్మ లేదు. ఒంట్లో సత్తువ ఉండగానే కదలాలి."

బాగా చెప్పావని ఈసారి ఎవరూ అనలేదు. అవ్వ లేచి నడక మొదలుపెట్టింది. మిగతావన్నీ ఆమె వెనకే కదిలాయి.