కల్లంలో చదివిన పుస్తకం

“మగాడేంది వాడు? ఒంటిగ దొరికిన ఆడదాని మీద ఎనక నుంచి పడేటోడు మగాడా?” జంపక్క చేతిలోని తునికాకు కట్టను బిగించి చాప మీదికి విసిరింది.

“గట్లంటవేంది పెద్దమ్మా,” అన్నాడు ఆకు లెక్క రాసుకునే కల్లేదారు బాబూరావు కుర్చీలో వెనక్కి వాలి. “ముగ్గుర్ని చంపిండు. పోలీసోళ్ళు అడవంత జల్లెడ పట్టినా దొరకలే. తెలివైనోడని ఒప్పుకోవాలె.”

“మా ఇంట్ల ఎలుక గూడ దొరకదు సార్. దానికి గూడ శాలువ కప్పుదామా?” అంది వనజ. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

ములకలపల్లి అవతల, అడవి అంచున ఉంది ఆ తునికాకు కల్లం. పొద్దున కోసుకొచ్చిన ఆకును ఆడవాళ్ళు మధ్యాహ్నం రేకుల పందిరి కింద కూర్చుని కట్టలు కడతారు. అందరి చేతుల్లోనూ ఆకే కాబట్టి చదవడం కళావతి వంతు. పుస్తకం తెచ్చింది కూడా ఆమే. ఈ అడవుల్లో ఆకుకూ ఇప్పపువ్వుకూ పోయిన ఆడవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని చంపి, ఎవరికీ చిక్కకుండా పోయినవాడి మీద ఖమ్మం విలేకరి ఒకాయన రాసిన పుస్తకం. బాబూరావుకు పుస్తకాలు తిరగేసే ఓపిక లేదు. కానీ చదివే వేళకు మాత్రం కుర్చీ పందిరి కిందికి లాక్కునేవాడు. చాలా ఏళ్ళ కిందట ఒక సీజన్ ఈ కల్లంలోనే చేసి వెళ్ళినవాడు, ఈ ఏడాది మళ్ళీ వచ్చాడు.

“రాసినాయనకు గూడ బుద్ధి లేదు,” వనజ మళ్ళీ అందుకుంది. “వాని బుర్రల ఏముందో పేజీలకు పేజీలు రాసిండు. పానం పోయిన పిల్లలకు సగం లైనేనా?”

“వాని గురించే గదా జనం సదివేది,” నవ్వాడు బాబూరావు.

“వాడు బతికుంటే ఏడనో కూసోని ఇది సదివి మురుస్తుండొచ్చు,” అంది వెనక కూర్చున్న ముసలామె.

“నా ముందర పడాలె,” అంది జంపక్క. “వాని గొయ్యి వానితోనే తవ్విస్త.”

“మాటలు మస్తుగున్నయి పెద్దమ్మా! ఇంక ఉందా కళావతీ?”

“ఆఖరి ముచ్చట ఉంది సార్.” కళావతి పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. “‘ఆ తర్వాత కన్నమ్మ అనే అమ్మాయి...’”

జంపక్క చేతిలో ఆకు జారిపోయింది. “ఏ కన్నమ్మనే?”

“మన కన్నమ్మనే పెద్దమ్మా. అక్కనే.”

కళావతి అక్క కన్నమ్మ చాలా ఏళ్ళ కిందట ఒక సీజన్లో ఆకుకు పోయి ఇంటికి రాలేదు. లారీ డ్రైవర్‌తో గోదావరి దాటిపోయిందని ఊరంతా అనుకుంది. తల్లి లేని అక్కాచెల్లెళ్ళను పెంచిన జంపక్క మాత్రం భద్రాచలం బస్సు ఆగినప్పుడల్లా దిగేవాళ్ళ ముఖాలు వెతుకుతూనే ఉంది. ఇప్పుడు ఆమె చదవమన్నట్టు చెయ్యి ఊపింది.

“‘కన్నమ్మ వాణ్ణి ముందే చూసింది. కొండ అదిరేలా అరిచింది. ఆ అరుపుకు వాడి కాళ్ళు వణికాయి. నార తాడు కింద పడేసి పారిపోయాడు. భయం తీరాక, ఆమె అలసిపోయి కూర్చున్న చోటికి పాక్కుంటూ వచ్చి...’”

“థూ! ఆడపిల్ల అరుపుకే ఉచ్చ పోసుకున్నడు,” అంది వనజ. “గీణ్ణేనా సార్ తెలివైనోడన్నవ్?”

“పాక్కుంట వచ్చిండంట! పురుగు నయం,” అంది ముసలామె.

ఈసారి నవ్వు పందిరి దాటింది. బాబూరావు చెవులు ఎర్రబడ్డాయి.

“ఉరికిండా? ఎవడు జెప్పిండు?” కుర్చీలోంచి లేచాడు. “ఆమె అరిస్తే గదా! తొలి కట్ట రాయి మీద బెట్టి, తల వంచి దండం బెడుతుండె. అరిచే టైమ్ యాడ దొరికింది? నోటికొచ్చింది రాస్తరు!”

నవ్వు టక్కున ఆగింది.

సీజన్లో కోసిన మొదటి ఆకు కట్టను ఆ ఊరి ఆడవాళ్ళు కల్లానికి తేరు. ఎవరికి వాళ్ళు ఒంటరిగా అడవిలోకి వెళ్ళి, రాయి మీద అడవితల్లికి పెట్టి వస్తారు. ఆ మాట మొగుడికి కూడా చెప్పరు. ఆకు లెక్కగట్టే కల్లేదారుకు అసలే చెప్పరు.

“తొలి కట్ట సంగతి నీకెట్ల తెలుసు?” జంపక్క మెల్లగా అడిగింది.

“పుస్తకంల ఉంది గదా... ఇప్పుడే సదివింది గదా!”

“సదవలే,” అంది జంపక్క.

“ముందు పేజీలల్ల ఉంటది. ఇటియ్యి.”

కళావతి పుస్తకం అతని చేతికిచ్చింది. బాబూరావు వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. చివరి నుంచి మొదటికి, మొదటి నుంచి చివరికి. ఈలోగా ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి కుర్చీ చుట్టూ నిలబడ్డారు. మనిషికీ మనిషికీ మధ్య సందు లేదు. జంపక్క కట్టలు కట్టే నార తీసి, మూడు పోగులు కలిపి, తొడ మీద పెట్టి తాడు పేనసాగింది. ఆమె చూపు అతని మెడ మీదే ఉంది.

“దొరికిందా?” అంది.

“ఉంటది... ఏడనో ఉంటది...” అతని చెమట చుక్క పేజీ మీద పడింది. “కన్నమ్మ పేరు...”

“ఎంత ఎతికినా దొరకదు. అండ్ల అక్క పేరే లేదు,” అంది కళావతి. “అక్క బతికి లేదని నాక్కూడ ఇప్పుడు నువ్వు జెప్తేనే తెల్సింది.”