ముహూర్తం తప్పని పూత

వానలు మొహం చాటేసిన ఏడు, మొక్కజొన్న తలపూత మాత్రం ముహూర్తానికే విచ్చుకుంది. కింద పొత్తులోంచి పీచు బతిమాలింది: "బావా, నీళ్లు లేక బయటికి రాలేకపోతున్నా. నీ పుప్పొడి నా మీద పడితేనే కదా గింజ కట్టేది! కాస్త ఆగు."

గింజల కోసం నోరూరుతున్న చిలకమ్మకి ఒళ్లు మండింది. "ఆలస్యం అమృతం విషం! దాని కోసం నువ్వు ఆగడమేంటి?" అని ఎగదోసింది.

పూత పొంగిపోయి పుప్పొడంతా వడగాలికి దులిపేసింది.

తర్వాత వాన పడింది. పీచు నిగనిగలాడుతూ బయటికొచ్చింది. పైన చిటికెడు పుప్పొడి మిగల్లేదు.

కోతలనాడు చిలకమ్మ పొత్తు ఒలిచి చూస్తే బోడి బెండు!

"అంతా ఆ పీచు బద్ధకమే," అంది ఆకలిగా.

ఎండిన పూత గర్వంగా తలూపింది: "మరే! నేనైతే ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు."