రెట్టింపు టోలు

ఫిబ్రవరి 12, గురువారం. పొద్దున్నే నాన్న కారు అద్దం మీది టోల్ స్టిక్కరును గోటితో గీకి పారేస్తున్నారు. ఆ అద్దం మీద ఈగ వాలినా ఊరుకోని మనిషి!

"కొన్నప్పుడు పన్ను, పెట్రోలు మీద పన్ను, మళ్ళీ గేటు దగ్గరా? రోడ్డు వీళ్ళ తాత వేయించాడా?"

"స్టిక్కరు లేకపోతే రెట్టింపు కట్టాలి నాన్నా!"

"కడతా. నీకెందుకు? ఎక్కు."

టోల్ గేటు దగ్గర ఖాళీ వరసలన్నీ వదిలేసి, డబ్బు చేతికిచ్చే ఒకే ఒక్క వరసలో లారీల వెనక నిలబెట్టారు. స్టీరింగు మీద ఆయన వేళ్ళు ఆగడం లేదు. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నారు. మళ్ళీ సర్దుకున్నారు.

మా వంతు వచ్చింది. కౌంటరులో అక్క! నాన్నతో గొడవపడి ఇల్లు వదిలి, మా ఫోన్లు ఎత్తడం మానేసిన అక్క.

నాన్న నోట్లు అందించారు. "తిన్నావా అమ్మా?"

అక్క రసీదు చించి ఇచ్చింది. "వెనక బండ్లున్నాయి, కదలండి."

గేటు లేచింది. తల ఎత్తకుండానే అక్క మళ్ళీ అంది: "రేపు నాకు అవతలి వైపు డ్యూటీ."

చాలా దూరం పోయాక నాన్న రసీదు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపు పొద్దున్నే పాత రోడ్డు మీద చుట్టుతిరిగి, అవతలి వైపు నుంచి వద్దాంరా. గోతులుంటే ఉన్నాయిలే."